గోడకి ఆనించిన బస్తాలు

గంపక్క పొద్దున్నే లేచి మొదట చూసేది తన కోళ్ళని కాదు, గోడ అవతలి కోళ్ళని. మొహమైనా కడుక్కోకుండా దొడ్లోకి వచ్చి, గోడ పక్కన బోర్లించిన పాత సిమెంటు తొట్టి ఎక్కి, జుట్టు ముడేసుకుంటున్నట్టు చేతులు పైకెత్తి, ఆ చేతుల సందులోంచి అటు ఒక చూపు విసురుతుంది. అవతల తోడికోడలి పెట్టలు అప్పటికే గూట్లోంచి దిగి నేల కెలుకుతూ ఉంటాయి. వాటి తురాయిలు ఎర్రగా ఉన్నాయా, ఈకలు నిగనిగలాడుతున్నాయా, పెద్ద పుంజు ఏ కాలైనా ఈడుస్తోందా, అన్నీ ఆ ఒక్క చూపులోనే అయిపోతాయి. ఏదైనా ఒక పెట్ట ముడుచుకుని మూలన కూర్చుని కనిపిస్తే ఆ రోజు గంపక్కకి కాఫీ రుచిగా ఉంటుంది. అలాంటి రోజులు చాలా తక్కువ.

గుడ్లగంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగిన రోజుల్లో వచ్చిన పేరది. ఇప్పుడు గంప లేదు, తిరగడమూ లేదు. ఆమె పెంచేవి కూరకోళ్ళు కావు, పొదగేసే గుడ్ల కోసం పుంజులతో కలిపి పెంచే జాతి పెట్టలు. ఆ గుడ్లు ఊరవతల మిషను పెట్టి, గుడ్లు పొదిగించి పిల్లల్ని దింపే ఆయనకి వెళ్తాయి. అందరూ ఆయన్ని మిషనాయన అంటారు. గంపక్క మాత్రం బాబాయ్ అంటుంది.

మధ్య గోడ కట్టింది గంపక్క మొగుడే. తాపీ మేస్త్రి. అన్నదమ్ములు వేరు పడ్డప్పుడు దొడ్డికి అడ్డంగా మనిషెత్తు గోడ తనే నిలబడి లేపాడు. కూలికి కట్టే గోడ మీద ఉన్నంత శ్రద్ధ సొంత గోడ మీద ఎవరికి ఉంటుంది? మిగిలిపోయిన ఇటుక, మిగిలిపోయిన ఇసక, పునాదిలో చెమ్మ ఆపే పొర అసలు లేదు. మొదటి వానాకాలానికే గోడ మోకాలెత్తు వరకు నల్లబడింది. 'నీ గోడకి చెమట పడుతోందయ్యా' అని గంపక్క ఎన్నోసార్లు ఎగతాళి చేసింది. ఆ మాట తనకే తిరిగొస్తుందని అప్పుడు ఆమెకి తెలియదు.

తోడికోడలు కాపురానికి వచ్చిన కొత్తలో కోడి రెక్క కొడితే కెవ్వున అరిచి గదిలోకి పరిగెత్తేది. ఆ పిల్లని చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకొచ్చి నిలబెట్టింది గంపక్కే. మూడు పెట్టల్నీ ఒక పుంజునీ ఉత్తపుణ్యానికి ఇచ్చింది. దాణా కొట్టుకి వెంటబెట్టుకెళ్ళింది. బస్తా మూతి దగ్గర గింజ చూసి కొనకూడదని, చెయ్యి మోచేతి దాకా దూర్చి అడుగునుంచి పిడికెడు తియ్యాలని, ఆ చెయ్యి చెమ్మగా, చల్లగా బయటికొస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వెనక్కి నెట్టాలని నేర్పింది. మొక్కజొన్న పంటి కింద పెట్టి కొరికితే ఠక్కుమని విరగాలి, మెత్తగా నలిగితే పచ్చిదన్నట్టు. తవుడు అన్నిటికంటే ముందు పాడవుతుంది, అందుకని వారానికి సరిపడానే కొనాలి. ఎండుచేపల పొడి నాలిక మీద వేసుకుంటే ఇసక తగలకూడదు. ఆల్చిప్పల గుల్ల దాణాలో కలపకుండా వేరే డబ్బాలో పెడితే గుడ్లు పెట్టే పెట్ట తనకి కావలసినంత తనే తింటుంది, పుంజుకి దాంతో పని లేదు. నూకలు చవకే కదా అని అవే పోస్తూ పోతే పెట్ట కొవ్వెక్కి గుడ్డు మానేస్తుంది, పుంజు బరువెక్కి పెట్ట జోలికే పోదు. 'మనుషుల్లాగే' అని గంపక్క అన్నప్పుడు ఆ కొత్తకోడలు సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దాచడం కూడా నేర్పింది. బస్తా నేల మీద పెట్టకు, బల్ల వేసి పెట్టు. గోడకి ఆనించకు, మధ్యలో చెయ్యి దూరేంత సందు ఉంచు. పాతది అయ్యాకే కొత్తది విప్పు. పొదిగే పెట్ట కింద పెట్టే గుడ్లకి బొగ్గుతో చుక్క పెట్టు, లేకపోతే పెట్ట మళ్ళీ పెట్టిన కొత్త గుడ్డు ఏదో, పొదిగే గుడ్డు ఏదో తెలీదు. ఆ పిల్ల తలూపుతూ విన్నది. మారుమాట లేదు, ప్రశ్న లేదు. 'దీని తలకెక్కిందో లేదో దేవుడికే తెలియాలి' అని గంపక్క ఆ రోజు మేస్త్రితో నవ్వుతూ చెప్పింది.

తలకెక్కింది. అదే వచ్చిన చిక్కు.

మొదట్లో గంపక్కకి అదొక గొప్పగానే ఉండేది. నా చేతి కింద నేర్చుకుంది అని వీధిలో చెప్పుకునేది. ఒకసారి మిషనాయన గుడ్ల ట్రేలు తీసుకోవడానికి వచ్చి, మంచినీళ్ళు తాగుతూ, ఏదో మాటవరసకి అన్నట్టు గోడ అవతలి చిన్నమ్మాయి గుడ్లలో పిల్ల కట్టని వట్టివి చాలా తక్కువగా వస్తున్నాయన్నాడు. దీపం ముందు పెట్టి చూస్తే దాదాపు ప్రతి గుడ్డులోనూ ఎర్రటి దారాలు కనిపిస్తున్నాయట, దిగిన పిల్లలు గట్టిగా కాళ్ళూని నిలబడుతున్నాయట. మరి నావో బాబాయ్ అని గంపక్క అడిగింది. ఆయన గ్లాసు కింద పెట్టి, 'నీవీ బాగానే ఉన్నాయిలేమ్మా' అన్నాడు.

ఆ 'లేమ్మా' గంపక్క గొంతులో ముల్లులా దిగిపోయింది. అన్నం తింటుంటే తగిలేది, పడుకుంటే తగిలేది. ఆ తర్వాతే సిమెంటు తొట్టి గోడ పక్కన బోర్లా పడింది.

ఇన్నాళ్ళూ ముద్దుగా అమ్మీ అని పిలిచిన మనిషి మనసులో ఇప్పుడు 'అది' అయిపోయింది. అది ఏం పెడుతోంది? నాకు చెప్పకుండా ఏం కలుపుతోంది? తొట్టి మీద నిలబడి గంపక్క చూడగలిగిందంతా చూసింది. అటువైపు దాణా గదిలో ఎప్పుడు చూసినా రెండు అరబస్తాలే. గది నడిమధ్యన బల్ల మీద, పండక్కి కూర్చోబెట్టిన పిల్లల్లా పద్ధతిగా ఉంటాయి. వారం వారం మరిది తన వ్యానులో మరో అరబస్తా తెచ్చి దించుతాడు. 'ఉప్పు పొట్లాం కొన్నట్టు కొంటారమ్మా దాణా' అని గంపక్క గట్టిగానే అనేది, గోడ అవతలికి వినబడాలనే. కొనలేక కాదు, చేతకాక కాదు, ఏదో గుట్టు ఉందని మాత్రం లోపల గట్టిగా నమ్మింది. ఒకరోజు తోడికోడలు ఏదో తెల్లటి పొడి చిటికెడు దాణాలో వేసి కలపడం కనబడింది. గంపక్క గబగబా కొట్టుకి పోయి ఆ పొడి ఏమిటని ఆరా తీసింది. కొట్టాయన మూడు తెల్లపొడులు చూపించాడు, మూడూ గంపక్క దగ్గర ఇదివరకే ఉన్నాయి. ఇంటికొచ్చి అదేదో నాలుగోది ఉందని తేల్చుకుంది.

అలాంటి రోజుల్లో మిషనాయన కొత్త కబురు మోసుకొచ్చాడు. పెద్ద మిషను దింపుకుంటున్నాడు. ఇక మీద నాలుగు దొడ్ల గుడ్లు ఏరుకుని కలపడం తన వల్ల కాదు. ఒకే మేత తిన్న, ఒకే దొడ్డి గుడ్లయితే మిషనులో అన్నీ ఒకేసారి దిగుతాయి, వేడి సర్దుకోవడం తేలిక. ఈ వీధిలో ఇద్దరే ఇద్దరు నమ్మకమైన వాళ్ళు, ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు. వానలు తగ్గాక ఒక విడత ఇద్దరి గుడ్లూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఎవరివి బాగా దిగితే ఏడాది పొడుగునా వాళ్ళవే.

ఆ మాట ఆయన వీధిలో నిలబడి అందరి ముందూ అన్నాడు. తోడికోడలు గుమ్మంలో నిలబడి, ఎప్పటిలాగే తలూపింది. గంపక్క ఆ తలూపుడుని చూసింది. అందులో ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఆమెకి మండింది. ఏడాది పొడుగునా తన గుడ్లు ఇంట్లో మురుగుతుంటే, అవతలి గడప ముందు మిషనాయన బండి ఆగుతుంది. గంపక్క దగ్గర నేర్చుకుందట, గంపక్కనే దాటిపోయిందట అని వీధి చెప్పుకుంటుంది. గుడ్లు కూరకి అమ్ముకుని బతకొచ్చు. ఆ మాట వింటూ బతకడం ఎలా?

పంట చేతికొచ్చిన రోజులవి. మొక్కజొన్న చవగ్గా దొరుకుతోంది. గంపక్క దాణా కొట్టుకి వెళ్ళి, బస్తా బస్తాలోకీ మోచేతి దాకా చెయ్యి దూర్చింది. కొట్టాయన 'అమ్మా, నువ్వు వచ్చిన రోజు నా బస్తాలకి గంట సేపు పరీక్షలే' అని నవ్వాడు. గింజ మంచిది, చెయ్యి వెచ్చగా బయటికొచ్చింది, కొరికితే ఠక్కుమంది. నూకలు, వేరుశనగ చెక్క, చేపలపొడి అన్నీ ఒక్కొక్కటే చూసి, వాసన పట్టి, బేరమాడి కొనింది. కొనడంలో ఆమె ఏ తప్పూ చెయ్యలేదు. చివరికి తవుడు కూడా బస్తాల లెక్కన వేయించినప్పుడు కొట్టాయనే ఆగాడు. తవుడు నిలవుండదు కదమ్మా, ఎప్పుడూ వారానికే కదా కొంటావు అని గుర్తు చేశాడు. 'నా కోళ్ళు ఎక్కువ తింటున్నాయి' అంది గంపక్క.

బండి వీధిలోకి తిరిగినప్పుడు అరుగుల మీద ఆడవాళ్ళు లేచి నిలబడి చూశారు. గంపక్క బండికి ముందు నడిచింది, పెళ్ళివారి ముందు నడిచినట్టు.

బస్తాలు దించే దగ్గర మేస్త్రి అడ్డం తగిలాడు. ఆ మూల గదిలో బల్లలున్నాయి కదా, అక్కడ పెట్టించమన్నాడు. అంత సరుకు ఆ గదిలో పట్టదు అంది. అసలు సంగతి, ఆ గదిలో పెడితే ఎవరికీ కనబడదు. మధ్య గోడకి ఆనించి, రేకుల కింద, వరస మీద వరస పేర్పించింది. పై వరస గోడ దాటి అటువైపుకి తొంగి చూసేలా వచ్చేదాకా కూలివాళ్ళని వదల్లేదు.

'ఏమే, గోడ కట్టినవాణ్ణి నేను. దానికి చెమ్మ ఎక్కుతుందని నీకూ తెలుసు' అన్నాడు మేస్త్రి.

'నీ తమ్ముడి పెళ్ళానికి కళ్ళు కుడతాయని నీ బాధ' అంది గంపక్క.

మేస్త్రి చుట్ట నోట్లో పెట్టుకున్నాడు. చుట్ట నోట్లో ఉంటే మాట్లాడక్కర్లేదు, ఆయనకి అదొక వాటం.

మర్నాడు పొద్దున్న సిమెంటు తొట్టి ఎక్కడానికి దారి లేదు, బస్తాలు అడ్డం. గంపక్క ఇవతల నిలబడి చెవులు రిక్కించింది. అవతల నీళ్ళ చప్పుడు ఆగింది. కాసేపటికి తోడికోడలి గొంతు వినబడింది, 'అక్కా, ఇన్ని బస్తాలా? ఎప్పటికి తింటాయక్కా ఇవన్నీ?'

ఆ గొంతులో ఆశ్చర్యం ఉంది, కొంచెం భయమూ ఉంది. గంపక్క దాన్ని అసూయగా తీసుకుని ఎదలో దాచుకుంది. 'తినే కోళ్ళకి తెలుసులే' అని జవాబిచ్చింది. ఆ రోజు ఆమె కూనిరాగం తీస్తూ గూళ్ళు ఊడ్చింది. మేస్త్రికి అడక్కుండానే రెండోసారి కూర వేసింది. ఎన్నాళ్ళ తర్వాతో పడుకోగానే నిద్ర పట్టింది.

ఇక్కడి నుంచి గంపక్క తన జన్మలో చెయ్యని పని చెయ్యడం మొదలుపెట్టింది. రోజూ దాణాకి గోడవైపు బస్తాలు ముట్టుకునేది కాదు. ముట్టుకుంటే గోడ మీద ఎత్తు తగ్గుతుంది. అవతలి వాళ్ళు, అయిపోతున్నాయి కాబోలు అనుకుంటారు. అందుకని ముందు వరసలోవి, తనవైపువి మాత్రమే విప్పేది. అవి తరిగాక, తవుడూ చెక్కా కొట్టులో మళ్ళీ కొని తెచ్చి ముందే పెట్టింది. పాత బస్తాలు గోడకి వీపు ఆనించి, ఎత్తుగా, గంభీరంగా, ఎవరి నోటికీ అందకుండా అలాగే కూర్చున్నాయి. పైనున్న బస్తా కాస్త కుంగితే కింద ఇటుక దూర్చి లేపింది.

వానలు పడ్డాయి. రేకుల మీద నీళ్ళు పక్కకి పోయాయి, బస్తాల మీద చుక్క పడలేదు. పైనుంచి తడవకుండా చూసుకుంది చాలు అనుకుంది.

వానలు వెనకబట్టాక మిషనాయన వచ్చి, వారం పాటు పోగుచేసిన గుడ్లు చల్లటి చోట ఉంచమని, వచ్చే వారం ఇద్దరివీ తీసుకెళ్తానని చెప్పి పోయాడు. ఆ వారంలోనే ముందు వరస ఖాళీ అయింది. ఇక తప్పక గంపక్క గోడవైపు బస్తాలు దింపి ఎగువన ఉన్నవి వాడటం మొదలెట్టింది, వాటి చోట ఖాళీ గోనెల్లో గడ్డి కూరి ఎత్తు నిలబెడుతూ. పెట్టలు దాణా తొట్టిలో ముక్కు పెట్టి, చిమ్మి, పక్కకి పోవడం మొదలెట్టాయి. అటునుంచి కళ్ళు పడ్డాయి, ఇంకేముంది అనుకుంది. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది కూడా. రెండో రోజూ పెట్టలు చిమ్మేశాయి.

మూడో రోజు అడుగు వరస దగ్గరికి వచ్చింది. బస్తా పట్టి లాగితే గోనె చేతిలోకి పీలికగా వచ్చేసింది. లోపల గింజ రాలలేదు. గోడ ఆకారంలో గట్టిగా నిలబడింది, ఇటుక గుర్తులతో సహా. గంపక్క అలవాటుగా చెయ్యి మోచేతి దాకా దూర్చింది. లోపల వేడిగా ఉంది, జ్వరం వచ్చిన మనిషి చంకలా. చెయ్యి బయటికి తీస్తే వేళ్ళ నిండా ఆకుపచ్చా నీలమూ కలిసిన బూజు. ముక్కిన వాసన గుప్పుమంది. పైనుంచి దింపి వాడుతున్న తవుడు బస్తాలో ముక్కు పెట్టి చూసింది. పాత నూనె దీపం దగ్గర వచ్చే చేదు వాసన. మూడు రోజులుగా కలిపింది ఆ తవుడే.

ఆమె అక్కడే కూలబడింది. మొదట తోచింది ఎండబెట్టడం. ఎంతమంది ఎండబెట్టి, బూజు దులిపి, మంచిదాంట్లో కలిపి పెట్టెయ్యడం లేదు? ఎండలో పోసింది కూడా, ఒక గోనె పట్టా మీద. పోసి, చేతులు నడుముకి పెట్టి చూస్తుంటే, తనే ఒకప్పుడు కొత్తకోడలికి చెప్పిన మాట చెవిలో పడింది. ఎండకి వాసన పోతుంది, విషం పోదు. ఆ విషం పెట్ట కాలేయంలోకీ, అక్కణ్ణుంచి గుడ్డులోకీ పోతుంది. పిల్ల పెంకులోనే చచ్చిపోతుంది. గంపక్కకి ఒళ్ళు మండింది. తన మాట తనకే అడ్డం వచ్చినందుకు కాదు, ఆ మాట విన్న మనిషి గోడ అవతల హాయిగా ఉన్నందుకు.

అప్పుడే అవతల నీళ్ళ చప్పుడయింది. గంపక్క తల ఎత్తింది. గోడ తడి, అవతల నీళ్ళు. ఇంకేం కావాలి? కావాలనే చేసింది. నా బస్తాలు చూసి ఓర్వలేక రోజూ గోడకి నీళ్ళు కొట్టింది. ఆ ఆలోచన రాగానే గంపక్కకి ప్రాణం లేచొచ్చింది. బూజు పట్టిన ముద్దొకటి చేతిలో పట్టుకుని, వీధి చుట్టూ తిరిగి, ఆ గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

తోడికోడలు గోడ పక్కన గచ్చు మీద కూర్చుని కోళ్ళ నీళ్ళ గిన్నెలు తోముతోంది. ఎప్పటి నుంచి ఇక్కడ తోముతున్నావే అని గంపక్క నిలదీసింది. ఆ పిల్ల చెయ్యి ఆపింది. కాపురానికొచ్చినప్పటి నుంచీ ఇక్కడేనని, రోజుకి రెండుసార్లు గిన్నెలు తోమకపోతే కోళ్ళకి పారుడు పడుతుందని నువ్వే కదా చెప్పావని నెమ్మదిగా అంది. ఈ గచ్చు కూడా గంపక్క చెప్పి వేయించిందే, మేస్త్రి చేత. నీళ్ళు గోడ మొదట్లోకే పోతాయని గంపక్క కళ్ళారా చూసి ఎరుగును.

తోడికోడలి చూపు గంపక్క చేతిలో ముద్ద మీద పడింది. లేచి తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. 'గోడకి ఆనించావా అక్కా?' అని అడిగింది.

తిట్టినా బాగుండేది. నవ్వినా బాగుండేది. ఆ పిల్ల ముఖంలో నిజంగా బాధ ఉంది. గంపక్క కళ్ళు తిప్పుకుంటే దాణా గది తలుపు తెరిచి ఉంది. దగ్గర నుంచి మొదటిసారి చూసింది. బల్ల మీద రెండు అరబస్తాలు. నాలుగు పక్కలా చెయ్యి దూరేంత సందు. ముందున్నది విప్పింది, వెనకున్నది మూతి కట్టింది. గుల్ల వేరే డబ్బాలో. పక్కన తెల్లపొడి పొట్లం, తన ఇంట్లో ఉన్నదే, నాలుగోది కాదు.

'ఇంకేం కలుపుతావే ఇందులో?' అని చివరికి అడిగేసింది.

'నువ్వు చెప్పినవే అక్కా. ఇంకేం తెలుసు నాకు?'

గంపక్క ఇంటికొచ్చింది. కాలేసిన చోటల్లా ఆ మాటే. గుట్టేదైనా దొరికి ఉంటే దొంగిలించుకునేది, కసి తీరేది. తన సొత్తుతోనే తనని గెలిచిన మనిషిని ఏం చెయ్యాలి? సాయంత్రానికి గోడ మీద, గడ్డి కూరిన గోనెల పక్కన, ఒక అరబస్తా దాణా వచ్చి కూర్చుంది. ఇవ్వడంలో కూడా దానిదే పైచెయ్యి అనుకుని గంపక్క దాన్ని ముట్టుకోలేదు. చీకటి పడేముందు పెట్టలు ఖాళీ తొట్టి చుట్టూ తిరిగి ఆమె కాళ్ళ మీద పొడిచాయి. వీటికేం తెలుసు పాపం అని గొణుక్కుంటూ దింపుకుంది. దింపుకున్నాక, తెలియకుండానే, మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

మేస్త్రి దొడ్లో గొయ్యి తవ్వాడు. గోడ కింద బస్తాలన్నీ అందులోకి పోయాయి. ఆయన 'నేను చెప్పలేదా' అనలేదు. అనకపోవడం కూడా ఆమెకి గుచ్చుకుంది.

మిషనాయన వచ్చేసరికి గంపక్క వాకిట్లో సిద్ధంగా నిలబడి ఉంది. ట్రేలు అందియ్యలేదు. 'నావి ఈ విడత వద్దు బాబాయ్. పెట్టలకి ఒంట్లో బాగాలేదు' అంది. ఆయన ఆగి చూశాడు. పోనీ పెట్టి చూద్దాం, ఏం పోయింది అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. అందులో పెద్ద నిజాయితీ ఏమీ లేదు. చిన్నదాని గుడ్ల పక్కన తన గుడ్లు పెంకులోనే చచ్చి, ఆ సంగతి ఆయన నోటి వెంట వీధికి తెలియడం కంటే, పోటీకే రాలేదనిపించుకోవడం నయమనుకుంది. ఆ గుడ్లు కూరకి కూడా అమ్మలేదు. అవీ ఆ గొయ్యిలోకే పోయాయి.

అనుకున్నట్టే తోడికోడలి గుడ్లు బాగా దిగాయి, ఏడాది బేరం ఆమెదయింది. బండి అవతలి గడప ముందు ఆగింది. గంపక్క ఆ పూట కిటికీ తలుపులు వేసుకుని తలనొప్పి అని పడుకుంది.

పెద్ద మిషను ఆకలి పెద్దది. కొద్ది వారాల్లోనే ఆ పిల్ల పెట్టల గుడ్లు దానికి చాలవని తేలిపోయింది. ఒక మధ్యాహ్నం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడి, అక్కా అని పిలిచింది. ఇద్దరి పెట్టలూ ఒకే దాణా తింటే ఒకే దొడ్డి కిందే లెక్క అని మిషనాయన ఒప్పుకున్నాడట. నీ పెట్టలు తేరుకున్నాయి కదక్కా, కలిపి ఇద్దాం అని అడిగింది.

గంపక్క బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. వద్దనడానికి నోరు తెరిచింది. ఆ గడప ముందు ఏడాదంతా ఆగబోయే బండి కళ్ళ ముందు తిరిగింది. 'దాణా నా గదిలో ఉండాలి' అంది. సరే అంది ఆ పిల్ల. 'కొట్టుకి నేనే వెళ్తాను. చెయ్యి నేనే పెట్టి చూస్తాను.' సరే. 'తాళంచెవి నా దగ్గరే.' దానికీ సరే. ఇంకా ఏం అడగాలో తోచక, 'గిన్నెలు గోడ దగ్గర తోమకు' అంది గంపక్క. ఆ పిల్ల నవ్వాపుకుంటూ తలూపింది.

అలా మూల గదిలో బల్లల మీదికి మళ్ళీ బస్తాలు ఎక్కాయి. ఒక వారానికి సరిపడా దాణా, గోడకి దూరంగా. మేస్త్రి ఎవరూ చెప్పకుండానే గోడ మొదట్లో సిమెంటు పూత వేశాడు. పాతది అయ్యాకే కొత్తది. తోడికోడలు దాణాకి వచ్చినప్పుడల్లా గంపక్క తాళం తీసి, పక్కనే నిలబడి, ఏదైనా తప్పు చేస్తుందేమోనని చేతులు కట్టుకుని చూసేది. ఆ పిల్ల చెయ్యలేదు. ఒకసారి మాత్రం గుల్ల డబ్బా మీద మూత పెట్టడం మరిచిపోయింది. గంపక్క ఆ సంగతి మేస్త్రికి రెండుసార్లు చెప్పింది.

ఇక మిగిలింది ఒక్కటే. గుడ్లన్నీ ఒకే ట్రేలలో పోతున్నాయి, ఇవి నావి, అవి దానివి అని తెలిసేదెలా? దాణా ఒకటే, కొనే చెయ్యి తనది. అయినా ఎవరివి ఎక్కువ దిగుతున్నాయి? అది తెలియకుండా ఆమెకి కాలూ చెయ్యీ ఆడలేదు. తన గుడ్లు ట్రేలో పెట్టేముందు పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తెచ్చి ఒక్కొక్క గుడ్డు మీదా సన్నటి చుక్క పెట్టింది, వెడల్పు వైపు, పట్టి చూస్తేనే కనబడేంత. తర్వాత మిషనాయన్ని పక్కకి పిలిచి, చుక్క ఉన్నవాటిలో ఎన్ని దిగాయో, లేనివాటిలో ఎన్ని దిగాయో కాస్త చూసి పెట్టమంది. ఎవరితోనూ అనొద్దంది. ఆయన తల గోక్కుని సరేనన్నాడు.

విడత అయ్యాక ఆయన ఖాళీ ట్రేలు దింపుతుంటే గంపక్క గేటు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళి, గొంతు తగ్గించి అడిగింది.

'చాలా బాగా దిగాయమ్మా' అన్నాడాయన. 'కాని నువ్వడిగిన లెక్క చెప్పలేను. చుక్క లేని గుడ్డు నాకు ఒక్కటీ కనబడలేదు. అన్నిటికీ ఉంది.'

గంపక్కకి ముందు అర్థం కాలేదు. తను పెట్టింది తన గుడ్లకే. అన్నిటికీ ఎలా వచ్చింది? తిరిగి చూసింది. అవతలి గుమ్మంలో తోడికోడలు నిలబడి ఉంది, గడప దాటి కొంచెం ముందుకి, తనలాగే చెవి ఇటు పెట్టి. చూపులు కలవగానే ఆ పిల్ల చెయ్యి చటుక్కున వెనక్కి పెట్టుకుంది. అంత లోపలే గంపక్క చూసేసింది. చూపుడువేలు కొస నల్లగా బొగ్గు మసి, వచ్చే విడత గుడ్లకి చుక్కలు పెడుతూ లేచొచ్చినట్టు.

మిషనాయన బండి తీసుకుని వెళ్ళిపోయాడు. గంపక్క లోపలికొచ్చి, పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఎందుకో నవ్వు ఆగలేదు. మేస్త్రి చుట్ట తీసి, ఏమయిందే అని అడిగాడు.

'నీ తమ్ముడి పెళ్ళానికి నేనంటే కుళ్ళయ్యా' అంది గంపక్క, ఎంతో తృప్తిగా. రెండు గ్లాసులకి బదులు మూడు గ్లాసులు పెట్టి, కాఫీ కలిపి, మూడోది తీసుకెళ్ళి గోడ మీద పెట్టి, 'అమ్మీ' అని కేకేసింది.